గుండె మళ్ళీ మొలుస్తుందా?

బల్లి తోక తెగితే మళ్ళీ వస్తుంది. జామచెట్టు కొమ్మ నరికితే మోడు పక్కనుంచి చిగురు వేస్తుంది. మన చర్మం గీరుకుపోతే వారం పదిరోజుల్లో పూడుకుంటుంది. కాని గుండెపోటులో చచ్చిపోయిన గుండె కండరం తిరిగి రాదు. ఆ చోట ఒక గట్టి మచ్చ మాత్రం మిగులుతుంది. ఈ ఒక్క విషయం చుట్టూ గత పాతికేళ్ళుగా ఎంత పరిశోధన, ఎంత ఆశ, ఎంత వ్యాపారం నడిచాయో తెలుసుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ కథను నాకు అర్థమైనంత మేరకు చెప్పడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను. ఈ సంచికను ఆర్ట్సు, కామర్సు మిత్రులు కూడ చదువుతారు కాబట్టి సమీకరణాల జోలికి పోను.

ముందుగా ఈ విషయం నన్నెందుకు పట్టుకున్నదో చెప్పాలి. మాది కామవరపుకోట. గుంటుపల్లి బౌద్ధ గుహలు చూడడానికి విహారయాత్రగా వచ్చిన వారికి మా ఊరు తెలిసే ఉంటుంది. మెట్ట ప్రాంతం, పొగాకు, పామాయిలు, మొక్కజొన్న పండే ఊళ్ళు. రెండేళ్ళ క్రితం పొగాకు బ్యారన్ దగ్గర రాత్రి కాపలా ఉన్న మా మావయ్యకు గుండెలో నొప్పి వచ్చింది. గ్యాసు అనుకొని సోడా తాగి నులకమంచం మీద పడుకున్నాడు. తెల్లవారాక ఏలూరు చేరేసరికి ఆరేడు గంటలు గడిచిపోయాయి. స్టెంటు వేశారు, ప్రాణం దక్కింది. కాని గుండె బలం తగ్గింది. ఆరోగ్యవంతునికి గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో నూటికి 55 పాళ్ళకు తక్కువ కాకుండా ఒక్కో దెబ్బకు బయటికి పోతుంది. మావయ్యకు 35 పాళ్ళే పోతున్నదని పరీక్షలో తేలింది. రెండు బస్తాలు భుజాన వేసుకొని నడిచిన మనిషి ఇప్పుడు రామాలయం దాకా వెళ్ళి అరుగు మీద కూర్చుండిపోతాడు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన ఒక రంగుల కాగితం నా చేతిలో పెట్టాడు.

"ఏరా అల్లుడూ, నువ్వు చదివేది ఇదే గదా. ఈ సూదేయించుకుంటే గుండె మళ్ళీ మొలుస్తుందంట. ఎకరం తోట అమ్మితే సరిపోద్దంటున్నారు. ఏమంటావు?"

కాగితంలో మూలకణ చికిత్స అని ఉంది. 2001లో ఒక ప్రఖ్యాత పత్రికలో అచ్చయిన ఎలుకల ప్రయోగాన్ని రుజువుగా చూపించారు. ఆ కాగితం పంచినవారి పేరు ఇక్కడ అనవసరం. ఎం.యస్సీ. బయోకెమిస్ట్రీ చదువుతున్న నాకు ఆ రోజు జవాబు తెలియలేదు. "లైబ్రరీలో చూసి చెప్తాను మావయ్యా, అందాకా తోట బేరం పెట్టకు" అన్నాను. అత్తయ్య నాకేసి చూసిన చూపు ఇంకా మరచిపోలేదు. సెలవుల తర్వాత లైబ్రరీలో నేను చూసినదే ఈ వ్యాసం.

గుండెలో ఏం జరుగుతుంది?

గుండెకు కూడ రక్తం కావాలి. ఆ రక్తాన్ని గుండె మీదుగా పాకే కరోనరీ ధమనులు తెస్తాయి. కొవ్వు పేరుకుపోయి, నీళ్ళగొట్టంలో పాచిలా గొట్టం మూసుకుపోతుందని మనలో చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాని ధమని ఒట్టి గొట్టం కాదు, ప్రాణమున్న గోడ. రక్తంలోని చెడు కొలెస్టరాలు ఆ గోడ లోపలికి చొరబడుతుంది. దాన్ని తినివేయడానికి తెల్లకణాలు వస్తాయి. తిని తిని ఉబ్బి, నురగ కణాలై అక్కడే చచ్చిపడి ఉంటాయి. వాటిని ఎత్తివేయడానికి మరిన్ని కణాలు వస్తాయి. దెబ్బ తగిలిన వేలు ఎర్రబడి, వాచి, వేడెక్కి, సలుపుతుందే, దాన్నే వైద్యులు శోథ అంటారు. అదే శోథ ధమని గోడలో ఏళ్ళ తరబడి, నొప్పి లేకుండా, నివురుగప్పిన నిప్పులా సాగుతుంది. ఒకనాడు ఆ కురుపు మీది పొర పలచబడి చిట్లుతుంది. అక్కడ నిమిషాల్లో రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. మావయ్యకు ఆ రాత్రి జరిగింది ఇదే.

ధమనుల జబ్బులో శోథ ఉన్నదని 19వ శతాబ్దంలోనే జర్మనీ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్చో చెప్పాడు. ఆ మాటను చాలాకాలం పక్కన పెట్టారు. 1999లో రసెల్ రాస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ధమనులు గట్టిపడే జబ్బు శోథ జబ్బేనని ఒక వ్యాసంలో గట్టిగా వాదించాడు.

దారి మూసుకుపోయిన తర్వాత అరగంట లోపే కండరం చావడం మొదలవుతుంది. గంటలు గడిచినకొద్దీ చావు లోపలి పొర నుంచి పై పొరకు పాకుతుంది. పెద్ద గుండెపోటులో నూరు కోట్ల దాకా కండర కణాలు పోతాయని అంచనా. వాటి స్థానంలో కొత్తవి పుట్టవా అంటే, పుడతాయి గాని చాలా నెమ్మదిగా పుడతాయి. దీన్ని కనిపెట్టిన తీరు చిత్రమైనది. 1950, 60ల్లో అగ్రరాజ్యాలు ఆరుబయట అణుబాంబులు పేల్చినప్పుడు గాలిలో కార్బన్-14 పెరిగిపోయింది. అది తిండి ద్వారా మనుషుల కణాల్లోకి చేరింది. ఏ కణంలో ఎంత ఉన్నదో కొలిస్తే ఆ కణం పుట్టిన కాలం తెలుస్తుంది. స్వీడన్‌లో యోనస్ ఫ్రిసేన్ బృందం 2009లో ఇలా లెక్కకట్టి, పాతికేళ్ళ వయసులో గుండె కండర కణాలు ఏడాదికి నూటికి ఒకటి చొప్పున, 75 ఏళ్ళ వయసులో నూటికి అరకన్నా తక్కువగా మారుతాయని చెప్పింది. బాంబులు ఏదో ఒకందుకు పనికొచ్చాయనుకోవాలి! ఈ లెక్కన మావయ్య పోగొట్టుకున్నది జీవితకాలంలో పూడేది కాదు.

ఎలుకల కథ

ఇక కాగితంలో చెప్పిన 2001 ప్రయోగానికి వస్తాను. మూలకణాలు అంటే ఇంకా ఏ పనికీ కుదురుకోని కణాలు. ఎముక మూలుగలో ఉండే మూలకణాల నుంచి మన రక్తకణాలన్నీ పుడతాయి. న్యూయార్కు రాష్ట్రంలో పియెరో అన్వెర్సా, డొనాల్డ్ ఆర్లిక్ మొదలైనవారు గుండెపోటు తెప్పించిన ఎలుకల గుండెలోకి ఈ మూలుగ కణాలను ఎక్కించారు. తొమ్మిది రోజుల్లో చచ్చిన భాగంలో 68 పాళ్ళ దాకా కొత్త కండరం వచ్చిందని 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఏడాది రెండేళ్ళు తిరక్కుండానే జర్మనీలో మనుషులకు ఎక్కించడం మొదలైంది.

మావయ్య కాగితం ఇక్కడితో ఆగిపోయింది. కథ ఆగలేదు.

2004లో అదే 'నేచర్' పత్రికలో రెండు వేరు వేరు బృందాలు ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూశాయి. ఎక్కించిన కణాలకు గుర్తులు పెట్టి వెతికాయి. అవి గుండె కండరంగా మారలేదు. రక్తకణాలుగానే ఉండిపోయాయి. ఆ తర్వాత అన్వెర్సా బృందం గుండెలోనే మూలకణాలు ఉన్నాయనే ఇంకో సిద్ధాంతం మీద చాలాకాలం పనిచేసింది. 2018 అక్టోబరులో హార్వర్డు వైద్య కళాశాల, దాని అనుబంధ ఆసుపత్రి కలిసి, ఆ ప్రయోగశాల నుంచి వెలువడిన 31 పత్రాల్లో కల్పించిన, మార్చిన సమాచారం ఉన్నదని, వాటిని ఉపసంహరించాలని పత్రికలను కోరాయి. ఒక ప్రయోగశాలలో లెక్కలు తారుమారైతే ఏమవుతుందిలే అనుకోకూడదు. ఆ లెక్కలను నమ్మి వందలాది రోగులు గుండెలోకి సూదులు పొడిపించుకున్నారు.

మనుషుల్లో జరిగిన పరీక్షల సంగతి మరొకటి. 2006లో జర్మనీలో 204 మంది రోగుల మీద జరిగిన పరీక్షలో, మూలుగ కణాలు ఎక్కించినవారి గుండె బలం ఎక్కించనివారికన్నా నూటికి రెండున్నర పాళ్ళు ఎక్కువ మెరుగైంది. ఇది కొంచెమే అయినా అబద్ధం కాదు. అందుచేత ప్రాణాలు నిలుస్తాయా లేదా తేల్చడానికి యూరపులో 3000 మందితో పెద్ద పరీక్ష తలపెట్టారు. చివరికి 375 మందే చేరారు. 2020లో ఫలితం వచ్చింది. రెండు వర్గాల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంత తక్కువ మందితో ఏ సంగతీ గట్టిగా తేలదనడం కూడ న్యాయమే.

కణాలు కండరంగా మారనప్పుడు ఆ కొంచెం మేలు ఎక్కడినుంచి వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. సిన్సినాటిలో జెఫ్రీ మోల్కెంటిన్ బృందం ఎలుకల్లో మూడు రకాలుగా చేసి చూసింది. కొన్నింటికి బతికున్న మూలకణాలు, కొన్నింటికి ముందే చంపిన కణాలు, కొన్నింటికి కణాలే లేకుండా ఈస్టు గోడనుంచి తీసిన జైమోసాన్ అనే పదార్థం ఎక్కించారు. మూడింటిలోనూ గుండె పనితనం మెరుగైంది! ఎక్కించిన చోట చిన్న శోథ పుట్టి, భక్షక కణాలు అక్కడికి చేరి, మచ్చ అంచులను గట్టిపరచి సరిచేశాయి. ఆ శోథను మందులతో అణచివేస్తే మేలు కూడ పోయింది. 2019 నవంబరులో ఈ పత్రం వెలువడింది.

అంటే కాగితంలో మూలకణాలకు కట్టిన ఘనత నిజానికి శోథది. ధమనిని చెడగొట్టినదీ శోథే, గాయాన్ని మాన్పినదీ శోథే! పొయ్యిలో ఉన్నంతసేపు నిప్పు అన్నం వండుతుంది, చూరుకెక్కితే ఇల్లు కాలుస్తుంది. ఎప్పుడు, ఎంత, ఎక్కడ అన్నదే ప్రశ్న.

భీమవరం వారి మందు

శోథే మూలమైతే దాన్ని అణిచే మందు ఇస్తే గుండెపోట్లు తగ్గాలి గదా? ఇక్కడ మన గోదావరి జిల్లా మనిషి ఒకాయన కథలోకి వస్తాడు.

ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి 1923లో బోస్టన్ చేరారు. సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. ఎ.టి.పి.ని వేరుచేశారు. మన గుండె కొట్టుకునే ప్రతి దెబ్బకూ శక్తినిచ్చేవి ఈ రెండే. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనల్లోంచి ఫోలిక్ ఆమ్లం తయారీ, దానికి విరుగుడుగా పనిచేసే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు వచ్చాయి. మన జిల్లాల్లో బోదకాలు రాకుండా ఊరంతటికీ పంచే డి.ఇ.సి. మాత్రలు కూడ ఆ ప్రయోగశాల చలవే. ఆ మాత్ర మింగిన మనవాళ్ళలో ఎందరికి ఆయన పేరు తెలుసో! 1948 ఆగస్టులో 53 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు. పోయింది గుండెపోటుతోనే.

మెథోట్రెక్సేటు మొదట కేన్సరు మందు. చిన్న మోతాదులో వారానికొకసారి వేస్తే కీళ్ళవాతంలో శోథను అణుస్తుంది. అలా వాడే రోగులకు గుండెపోట్లు తక్కువ వస్తున్నట్టు వైద్యులు గమనించారు. అందుకని బోస్టన్‌లోనే పాల్ రిడ్కర్ నాయకత్వాన పెద్ద పరీక్ష జరిగింది. అంతకుముందే గుండెపోటు వచ్చినవారిని, లేదా ఒకటికి మించి ధమనుల్లో జబ్బు ఉన్నవారిని 4786 మందిని తీసుకొని, సగం మందికి మెథోట్రెక్సేటు, సగం మందికి ఉత్తి మాత్ర ఇచ్చారు. ఎవరు ఏది మింగుతున్నదీ రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. దుష్ఫలితాలు తగ్గడానికి అందరికీ ఫోలిక్ ఆమ్లం కూడ ఇచ్చారు. మందూ, దాని విరుగుడూ రెండూ సుబ్బారావు గారి ప్రయోగశాలలో నలిగినవే!

2018లో ఫలితం ప్రకటించారు. మందు పనిచేయలేదు. రక్తంలో శోథ గుర్తులు తగ్గలేదు, గుండెపోట్లూ తగ్గలేదు. పైగా కొందరికి కాలేయ పరీక్షలు తేడా వచ్చాయి, తెల్లకణాలు తగ్గాయి. తెలుగువాడిగా చదువుతుంటే నాకు కొంచెం బాధగానే అనిపించింది. కాని ఓడిన పరీక్షను దాచకుండా అచ్చువేశారు. మావయ్య కాగితంలో ఇలాంటి వాక్యం ఒక్కటి లేదు.

శోథ సిద్ధాంతం తప్పా మరి? తప్పు కాదని అదే రిడ్కర్ 2017లోనే చూపించాడు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనేది కణాలు ఒకదానికొకటి పంపుకునే ఒక శోథ సందేశం. దాన్ని మాత్రమే అడ్డుకునే కనకినుమాబ్ అనే సూదిమందును 10061 మందిలో పరీక్షించారు. నడిమి మోతాదు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి నూటికి 15 పాళ్ళు తగ్గాయి. కొలెస్టరాలు మాత్రం తగ్గలేదు. కొలెస్టరాలు ముట్టుకోకుండా శోథను తగ్గిస్తే చాలునని మొదటిసారి మనుషుల్లో రుజువైంది. దానికి ఖరీదు కూడ ఉంది. ప్రాణాంతకమైన అంటురోగాలు కొంచెం పెరిగాయి, మొత్తం మరణాలు తగ్గలేదు. మందు ధర మామూలు మనిషికి అందేది కాదు. గుండెజబ్బుకు అది వాడుకలోకి రాలేదు.

అడవినాభి

ఆ తర్వాతి మందు మన పొలంగట్ల కంచెల మీద పాకే తీగలోనే ఉన్నది. వానాకాలంలో ఎరుపు, పసుపు రేకులతో నిప్పు మంటలా పూసే అడవినాభి, అదే అగ్నిశిఖ, మనలో చాలామంది చూసే ఉంటారు. దాని దుంపలో, గింజల్లో కాల్చిసిన్ అనే పదార్థం ఉంది. గౌట్ అనే కీళ్ళజబ్బుకు పాతకాలం నుంచి వాడుతున్న చవక మందు ఇది. 2019లో కెనడా వారు నెల లోపల గుండెపోటు వచ్చిన 4745 మందిలో దాదాపు సగం మందికి రోజుకు అర మిల్లీగ్రాము ఇచ్చి చూస్తే, మళ్ళీ ప్రమాదాలు నూటికి 23 పాళ్ళు తగ్గాయి. 2020లో ఆస్ట్రేలియా, నెదర్లాండ్సులలో నిలకడగా ఉన్న 5522 మంది గుండె రోగుల్లో 31 పాళ్ళు తగ్గాయి. 2023లో అమెరికా ప్రభుత్వం గుండెజబ్బుకు దీన్ని అనుమతించింది. ఇక తేలిపోయిందనుకుంటుండగా 2024లో 7062 మందితో జరిగిన ఇంకో పెద్ద పరీక్షలో గుండెపోటు వెంటనే ఇచ్చిన కాల్చిసిన్ వల్ల లాభం కనిపించలేదు. కాబట్టి ఎవరికివ్వాలి, ఎప్పుడివ్వాలి అన్నది ఇంకా తర్కంలోనే ఉంది. మూత్రపిండాలు బాగాలేని వారికి ఇది ప్రమాదం. మోతాదు కాస్త మించినా విషమే. అడవినాభి దుంప తిని ప్రాణాలు పోగొట్టుకున్నవారు పల్లెల్లో ఉన్నారు.

మూలకణాల పని పూర్తిగా ముగిసిందని కూడ అనుకోకూడదు. 2023లో అచ్చయిన ఒక పరీక్షలో, గుండె బలహీనపడిన 565 మందిలో సగం మందికి దాతల మూలుగ కణాలు ఎక్కించారు. ఆసుపత్రి పాలవడం తగ్గుతుందని ఆశించారు, అది తగ్గలేదు. కాని గుండెపోటు, పక్షవాతం తగ్గినట్టు కనిపించింది. ఎవరిలో ఎక్కువ తగ్గాయంటే, రక్తంలో శోథ గుర్తు ఎక్కువగా ఉన్నవారిలో! ఇక షిన్యా యమనకా 2006లో చూపిన మార్గాన మామూలు కణాలనే వెనక్కు తిప్పి మూలకణాలుగా మార్చి, వాటితో కొట్టుకునే కండరపు ముక్కలు తయారుచేసి జపాను, జర్మనీలలో కొద్దిమంది గుండెలకు అతికిస్తున్నారు. నిజంగా గుండె మొలిచే రోజు వస్తే ఆ దారిన రావచ్చునని నా అభిప్రాయం. మన హైదరాబాదులోనే ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యశాలలో కంటి అంచు మూలకణాలతో, కాలిపోయిన కంటిపొరను బాగుచేస్తున్నారు. కన్నుకు సాధ్యమైనది గుండెకు కాలేదు. మన భారత వైద్య పరిశోధనా మండలి 2017 నిబంధనల్లో, రక్తజబ్బులకు చేసే మూలుగ మార్పిడి వంటివి తప్ప, మిగతా మూలకణ చికిత్సలను అనుమతి పొందిన పరీక్షలో భాగంగా మాత్రమే చేయాలని, చికిత్సగా అమ్మరాదని రాసింది. పరీక్షలో పాల్గొనే రోగి దగ్గర మందుకు డబ్బు తీసుకోరు. తోట అమ్మమన్నారంటేనే అది పరీక్ష కాదని తెలుసుకోవచ్చు. ఈ ఒక్క ముక్క సంక్రాంతినాడు నాకు తెలిసి ఉంటే ఇన్ని పత్రాలు తిరగేసే పని లేకపోయేది.

ఇదంతా పట్నాల జబ్బు, మనకెందుకని అనుకునేవారికి ఒక లెక్క చెబుతాను. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో ఏడాదిపాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం ఇంటింటికి తిరిగి విచారించారు. గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల పోయినవారు నూటికి 32 మంది. అంటురోగాలతో పోయినవారు 12 మందే. మన పల్లెలు మలేరియా, విరేచనాల కాలం దాటి ఎప్పుడో ఇటు వచ్చేశాయి. గుండెలో నొప్పికి సోడా తాగే అలవాటు మాత్రం దాటలేదు.

ఎండాకాలం సెలవుల్లో ఇంటికి వెళ్ళి మావయ్యకు ఇదంతా చెప్పాను. ఎలుకల దగ్గర మొదలుపెట్టి రెండు గంటలు చెప్పి ఉంటాను. అత్తయ్య రెండుసార్లు మజ్జిగ ఇచ్చింది. ఆయన అడ్డు చెప్పకుండా విన్నాడు. సుబ్బారావు గారి మందు ఓడిపోయిన దగ్గర మాత్రం, "భీమవరమాయన మందే పనిచెయ్యలేదా?" అని నొచ్చుకున్నాడు.

చివరికి, "అయితే ఆ అడవినాభి మన దిబ్బమీద బోలెడుంది గదరా" అన్నాడు.

"మావయ్యా, దాన్ని ముట్టుకుంటే అత్తయ్యతో చెప్తాను" అన్నాను. ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు.

తోట బేరం ఆపేశాడు. ఏలూరు డాక్టరు గారు రాసిన మాత్రలు, మధ్యలో మానేసినవి కూడ, మళ్ళీ మొదలుపెట్టాడు. కాల్చిసిన్ సంగతి డాక్టరు గారినే అడుగుతానన్నాడు. నేను బయల్దేరేనాటికి ఆ రంగుల కాగితం బ్యారన్ గోడకు మేకు కొట్టి వేలాడుతున్నది. తెల్లగా ఉన్న వెనకవైపు మావయ్య కూలీల లెక్క రాసుకున్నాడు.